చెరువులో నైట్రైట్, ప్లాంట్‌లో నైట్రస్ యాసిడ్

అమలాపురంలో సైన్స్ డే రోజు డిగ్రీ కాలేజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం, మాట్లాడింది మాట్లాడినట్టే

నమస్కారమండి అందరికీ. ప్రిన్సిపాల్ గారికి, నన్ను పిలిచిన కెమిస్ట్రీ మాస్టార్లకి, పిల్లలకి, వెనక వరసల్లో కూర్చున్న రైతులకి కూడా. రామన్ గారి గురించి పొద్దున్నుంచి చాలామంది చెప్పారు కాబట్టి నేను నేరుగా నా పనిలోకి వచ్చేస్తాను. నేను ఉద్యోగం చేసిందంతా కల్పాక్కంలోనండి, అణు విద్యుత్ కేంద్రంలో వాడేసిన ఇంధనాన్ని యాసిడ్‌లో కరిగించి అందులోంచి యురేనియం, ప్లుటోనియం వెనక్కి తీసే పని, దాన్ని రీప్రాసెసింగ్ అంటారు, అందులోనూ ఆ యాసిడ్ మీద రేడియేషన్ ఏం చేస్తుందో చూసే ల్యాబ్‌లో.

ముందు ఒకటి అడుగుతాను. రొయ్యల చెరువులున్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి. సగం మంది పైనే ఉన్నారు. అయితే నైట్రైట్ అంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు. మేత మిగిలిపోయి, కింద బురద పేరుకుని, అమ్మోనియా తయారై, దాన్ని బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, ఆ నైట్రైట్‌ని ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది, ఈ రెండో పని వెనకబడితే నైట్రైట్ పెరిగిపోతుంది, అప్పుడు మీ నాన్నగారు ఏరియేటర్లు ఆపకుండా తిప్పిస్తారు, నీళ్ళు మారుస్తారు, ఉప్పు శాతం చూసుకుంటారు. ల్యాబ్‌కి సీసాలో నీళ్ళు పట్టుకెళ్తే అక్కడ రెండు మందులు కలుపుతారు, గులాబీ రంగు వస్తుంది, రంగు ముదిరితే ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదు.

ఆ గులాబీ రంగు పరీక్షే మేము కూడా చేసేవాళ్ళం. పోలిక కోసం చెప్పట్లేదు, నిజంగా అదే పరీక్ష. 19వ శతాబ్దంలో పీటర్ గ్రీస్ అనే జర్మన్ కెమిస్ట్ కనిపెట్టిన రియాక్షన్ అది, నైట్రైట్ ఒక అమీన్‌తో కలిసి డయాజో తయారవుతుంది, అది ఇంకో అమీన్‌ని పట్టుకుని రంగు డై అవుతుంది, మీ బీఎస్సీ సిలబస్‌లో డయాజోటైజేషన్ ఉంది కదా, అదే. మీరు చెరువు నీళ్ళలో చూస్తారు, మేము రేడియేషన్ తగిలిన నైట్రిక్ యాసిడ్‌లో చూస్తాం. నైట్రైట్‌ని యాసిడ్‌లో వేస్తే దాని పేరు నైట్రస్ యాసిడ్. నైట్రిక్ కాదు, నైట్రస్. ఇవాళ నేను చెప్పేదంతా దీని గురించే. రీప్రాసెసింగ్ ప్లాంట్ అనగానే అందరూ ప్లుటోనియం గురించి అడుగుతారు, రేడియేషన్ గురించి అడుగుతారు, గోడలు ఎంత మందం అని అడుగుతారు, అన్నీ సరైన ప్రశ్నలే, కానీ లోపల ఏది ఎటు వెళ్ళాలో తేల్చేది చాలావరకు ఈ కాస్తంత నైట్రస్ యాసిడ్. అది ఎంత ఉందో తెలియకుండా ప్లాంట్ నడపడం అంటే నైట్రైట్ చూడకుండా చెరువులో రొయ్య పిల్ల వదిలేసినట్టే. నేను బలంగా నమ్మే మాట ఇది.

సరే, అసలు ఇంధనం ఎలా ఉంటుందో చూద్దాం. హైదరాబాద్‌లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది, 1971లో పెట్టారు, అక్కడ తయారయ్యే బండిల్ అర మీటరు పొడవుంటుంది, మన 220 మెగావాట్ల భారజల రియాక్టర్లకి పంపే దాంట్లో 19 సన్నటి గొట్టాలుంటాయి, జిర్కలాయ్ గొట్టాలు, లోపల యురేనియం ఆక్సైడ్ బిళ్ళలు. రియాక్టర్‌లో పని అయిపోయి బయటికొచ్చాక కూడా అందులో యురేనియమే 98 శాతం పైన ఉంటుంది. ప్లుటోనియం టన్నుకి మూడున్నర కేజీల దరిదాపు. మిగతాది విచ్ఛిత్తి ముక్కలు, అంటే పరమాణువు చీలినప్పుడు పుట్టినవి, సీజియం, స్ట్రాన్షియం, రుథేనియం, సీరియం, ఇంకా చాలా. కొన్నేళ్ళు నీళ్ళలో చల్లారబెట్టి, తర్వాత ముక్కలు ముక్కలుగా కోసి, కాగే నైట్రిక్ యాసిడ్‌లో వేస్తారు. బిళ్ళలు కరిగిపోతాయి, పైన గొట్టం ముక్కలు కరగవు, మిగిలిపోతాయి. గోధుమ రంగు పొగ లేస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు. యురేనియం మాత్రం పసుపు రంగు ద్రావణంగా వస్తుంది, నిమ్మపండు పసుపు.

ఆ ద్రావణంలో యాసిడ్‌ని సుమారు 3 మోలార్ గాఢతకి సర్ది టీబీపీ అనే ద్రావకంతో కలుపుతారు, ట్రై బ్యూటైల్ ఫాస్ఫేట్, కిరసనాయిలు లాంటి దాంట్లో 30 శాతం. యురేనియం, ప్లుటోనియం ఆ నూనె వైపుకి వెళ్తాయి, విచ్ఛిత్తి ముక్కలు యాసిడ్‌లోనే ఉండిపోతాయి. దీని పేరు ప్యూరెక్స్. అమెరికాలో పుట్టింది, 1950లలో సవానా రివర్‌లో, హాన్‌ఫర్డ్‌లో పెద్ద ప్లాంట్లు పెట్టారు. మన దేశంలో ట్రాంబేలో 1964లోనే ప్లాంట్ నడిచింది, హోమీ సేథ్నా గారి ఆధ్వర్యంలో, తర్వాత తారాపూర్, ఆ తర్వాత కల్పాక్కం. అంత తొందరగా ఈ పని చేతికి తెచ్చుకున్న దేశాలు చాలా తక్కువండి, ఇది గర్వంగానే చెప్తాను.

ఇప్పుడు మన విషయం. ఆ ద్రావణం ఊరికే యాసిడ్ కాదు, లోపల కరిగి ఉన్న విచ్ఛిత్తి ముక్కలు బీటా, గామా వదుల్తుంటాయి, ప్లుటోనియం ఆల్ఫా వదుల్తుంటుంది. రాత్రీ పగలూ ఆదివారం అమావాస్య ఏమీ లేవు. ఆ శక్తి ఎక్కడికి పోతుంది? ముందు నీళ్ళలోకి. నీటి అణువులోంచి ఒక ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది, అది ఒక సెకనుని కోటి కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం కూడా పట్టని లోపు జరిగిపోతుంది. ఎగిరిన ఎలక్ట్రాన్ చుట్టూ నీటి అణువులు చేరి దాన్ని చుట్టేస్తాయి. దాన్ని హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్ అంటారు. 1962లో హార్ట్, బోగ్ అనే ఇద్దరు దాన్ని కాంతితో పట్టుకున్నారు, ఎరుపు దాటిన దగ్గర, 720 నానోమీటర్ల దగ్గర, కాంతిని మింగేస్తుంది అది. అప్పటిదాకా ఉందో లేదో అని వాదించుకున్నారు. మైక్రోసెకన్లు బతికే వస్తువుని చూడటం అంటే మాటలు కాదు. ఆ పేపర్ నేను చదివిన రోజు నాకు చాలా సంతోషం వేసింది, ఇవాళ్టికీ కెమిస్ట్రీలో నాకిష్టమైన ప్రయోగం ఏదంటే అదే చెప్తాను.

అవతల మిగిలిన నీటి ముక్కలోంచి ఓహెచ్ రాడికల్ వస్తుంది, రాడికల్ అంటే జతలేని ఎలక్ట్రాన్‌తో దేన్నైనా పట్టుకోవాలని చూసే ముక్క, హైడ్రోజన్ పరమాణువు వస్తుంది, పక్కపక్కన పుట్టినవి కొన్ని కలిసిపోయి హైడ్రోజన్ గ్యాస్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతాయి. ఎంత వస్తుంది అని చెప్పడానికి జీ విలువ అని ఒకటుంది, 100 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి పడితే ఎన్ని అణువులు పుట్టాయి అని లెక్క. గామాకి మామూలు నీళ్ళలో హైడ్రేటెడ్ ఎలక్ట్రాన్‌కి 2.7, ఓహెచ్‌కి కూడా అటూ ఇటూ అంతే, హైడ్రోజన్ గ్యాస్‌కి 0.45, పెరాక్సైడ్‌కి 0.7. ఈ నాలుగు అంకెలు రాసుకోండి, పరీక్షలో రావు గానీ రాసుకోండి.

ఇందులో హైడ్రోజన్ అంకె చూసి మీరు చిన్నదనుకోవద్దు. ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక లీటరు నీళ్ళలో ఒక వాట్ రేడియేషన్ శక్తి పడుతోందనుకోండి. రోజుకి 86,400 జౌల్స్. జీ 0.45 అంటే ఒక జౌల్‌కి 0.047 మైక్రోమోల్. గుణిస్తే రోజుకి 4 మిల్లీమోల్స్, అంటే మన గది ఉష్ణోగ్రతలో దాదాపు 100 మిల్లీలీటర్ల హైడ్రోజన్. లీటరుకి, రోజుకి. ఇప్పుడు కొన్ని వేల లీటర్ల ట్యాంక్ ఊహించుకోండి, మూత బిగించి గాలి ఆడకుండా వదిలేస్తే ఏమవుతుందో. గాలిలో హైడ్రోజన్ 4 శాతం దాటితే నిప్పురవ్వ చాలు. గ్యాస్ అంటే ఏంటో మన కోనసీమ వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకి పైగా మండింది, 2014లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైప్‌లైన్ పేలి మనుషులు పోయారు. అందుకే ఇక్కడ ఈ లెక్క చెప్తున్నప్పుడు నేను తేలిగ్గా చెప్పలేను. ప్లాంట్‌లో ప్రతి ట్యాంక్ మీద గాలి ఆపకుండా ఊదుతూనే ఉంటారు, హైడ్రోజన్ ఆ 4 శాతం దరిదాపుకి కూడా రానివ్వరు, ఆ గాలి ఆగితే ఎంతసేపట్లో ప్రమాదం స్థాయికి వస్తుందో ప్రతి ట్యాంక్‌కీ ముందే లెక్క కట్టి ఉండాలి. ఆ లెక్క కట్టడమే నాలాంటివాళ్ళ పని.

ఇక్కడ నైట్రిక్ యాసిడ్ మనకి ఒక మేలు చేస్తుంది. నైట్రేట్ అయానుకి ఎలక్ట్రాన్ అంటే ప్రాణం. రెండూ ఎదురుపడితే చాలు పట్టేసుకుంటుంది, ఆ రియాక్షన్ వేగం ద్రావణంలో రెండు అణువులు ఒకదాన్నొకటి చేరుకోగలిగే గరిష్ఠ వేగం దగ్గర ఉంటుంది. యాసిడ్ కదా, హైడ్రోజన్ అయాను కూడా పోటీకొస్తుంది, కానీ నైట్రేట్ మోలార్లలో ఉన్నప్పుడు అది ఎంత ముందుంటుందంటే, ఎలక్ట్రాన్ చుట్టూ నీళ్ళు పూర్తిగా చేరకముందే పట్టేస్తుంది. ఎలక్ట్రాన్ దొరక్కపోతే హైడ్రోజన్ గ్యాస్ తయారవడానికి ముడిసరుకు లేదు. అందుకే నైట్రేట్ పెరిగేకొద్దీ హైడ్రోజన్ జీ విలువ పడిపోతూ వస్తుంది, ఆ 0.45 కాస్తా అందులో చిన్న భాగానికి దిగిపోతుంది. నీళ్ళకి కట్టిన లెక్క కంటే ట్యాంక్‌లో హైడ్రోజన్ చాలా తక్కువ.

మరి ఆ ఎలక్ట్రాన్ మింగిన నైట్రేట్ ఏమైంది? అది నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది, అవి రెండు కలిసి నీళ్ళతో చర్య జరిపి ఒక నైట్రిక్, ఒక నైట్రస్ అవుతాయి. ఇంకో దారి కూడా ఉంది, గాఢమైన యాసిడ్‌లో రేడియేషన్ నీళ్ళనే కాదు నైట్రేట్‌ని కూడా నేరుగా కొడుతుంది, ఒక ఆక్సిజన్ ఊడిపోయి నైట్రైట్ మిగులుతుంది. అందుకే యాసిడ్ గాఢత పెరిగేకొద్దీ నైట్రస్ యాసిడ్ ఎక్కువ వస్తుంది. హైడ్రోజన్ తగ్గింది, దాని బదులు నైట్రస్ పెరిగింది. రేడియేషన్ పెట్టిన శక్తి ఎక్కడికీ పోలేదు, వేరే రూపంలో మన దగ్గరే ఉంది.

అలాగని అంతూ పొంతూ లేకుండా పెరగదు. ఓహెచ్ రాడికల్ ఉంది కదా, అది నైట్రిక్ యాసిడ్‌తో కలిసి నైట్రేట్ రాడికల్ అవుతుంది, ఈ రెండూ నైట్రస్‌ని మళ్ళీ వెనక్కి నెడతాయి. పెరాక్సైడ్ కూడా నైట్రస్‌ని కలిస్తే ఒకదాన్నొకటి తినేస్తాయి, అందుకే గాఢమైన యాసిడ్‌లో పెరాక్సైడ్ దాదాపు కనపడదు. పుట్టేది, పోయేది సమానమయ్యే దగ్గర నైట్రస్ ఒక స్థాయిలో నిలబడుతుంది. ఆ స్థాయి ఎంత అనేది యాసిడ్ గాఢత మీద, డోస్ రేటు మీద, అంటే రేడియేషన్ ఎంత వేగంగా పడుతోందనే దాని మీద, వేడి మీద, పైన గాలి ఎంత ఊదుతున్నారనే దాని మీద కూడా ఆధారపడుతుంది, ఎందుకంటే నైట్రస్ నెమ్మదిగా విడిపోయి నైట్రిక్ ఆక్సైడ్ గ్యాస్‌గా లేచిపోతుంటుంది. హైడ్రోజన్ కోసం ఊదే గాలి నైట్రస్‌ని కూడా మోసుకుపోతుంది. అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి.

ఆల్ఫా సంగతి వేరు. గామా కిరణం ద్రావణంలో చాలా దూరం వెళ్తుంది, దారిలో అక్కడొకటి ఇక్కడొకటి శక్తి వదుల్తుంది, అదే ఆల్ఫా అయితే వెంట్రుక మందం కూడా దాటకుండా శక్తంతా కుమ్మరించేస్తుంది. రాడికల్స్ అన్నీ ఇరుకులో పుట్టి బయటికొచ్చేలోపు ఒకదాంతో ఒకటి కలిసిపోతాయి, కాబట్టి ఆల్ఫాలో హైడ్రోజన్, పెరాక్సైడ్ ఎక్కువ, నైట్రస్ తక్కువ. ప్లుటోనియం శుద్ధి చేసి ఉంచిన ట్యాంక్‌లో గామా దాదాపు లేదు కదా అని హైడ్రోజన్‌ని మర్చిపోతే కుదరదు. గామా వదిలే కోబాల్ట్ 60తో ల్యాబ్‌లో తెచ్చిన అంకెలు యథాతథంగా అక్కడ పెట్టేస్తే తప్పు. ఇది కుర్రాళ్ళకి నేను పదే పదే చెప్పేవాణ్ణి.

ఇప్పుడు నైట్రస్ ఏం చేస్తుందో చూద్దాం, ఇదే నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ప్లుటోనియం ద్రావణంలో మూడు, నాలుగు, ఆరు, ఇన్ని రకాల వేలెన్సీల్లో ఉండగలదు, అంటే అన్ని ఎలక్ట్రాన్లు వదులుకున్న స్థితుల్లో, రంగులే చెప్పేస్తాయి, మూడు అయితే నీలం ఊదా కలిసినట్టుంటుంది, నాలుగు అయితే గోధుమ ఆకుపచ్చ మధ్య. టీబీపీలోకి బాగా వెళ్ళేది నాలుగు. మూడు దాదాపు వెళ్ళదు. నైట్రస్ యాసిడ్‌కి ఒక చిత్రమైన గుణం ఉంది, మూడులో ఉన్న ప్లుటోనియంని పైకి నాలుగుకి తెస్తుంది, ఆరులో ఉన్నదాన్ని కిందకి నాలుగుకి తెస్తుంది. అందుకే మొదటి దశలో నైట్రస్ మనకి కావాలి, చాలకపోతే సోడియం నైట్రైట్ మనమే వేస్తాం.

తర్వాతి దశలో యురేనియం నుంచి ప్లుటోనియంని విడదియ్యాలి. అప్పుడు ప్లుటోనియంని మూడుకి దించాలి, దించితే నూనెలోంచి యాసిడ్‌లోకి దిగిపోతుంది, యురేనియం నూనెలో ఉండిపోతుంది. దించడానికి మన ప్లాంట్లలో యురేనస్ నైట్రేట్ వాడతారు, ఆకుపచ్చ రంగు, నాలుగు వేలెన్సీ యురేనియం. ఇక్కడ నైట్రస్ ఉందంటే మన పని చెడినట్టే. మనం మూడుకి దించుతుంటే అది నాలుగుకి ఎక్కిస్తుంది, ఎక్కించినప్పుడు నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది, ఆ నైట్రిక్ ఆక్సైడ్ పక్కనున్న నైట్రిక్ యాసిడ్‌తో కలిసి ఇంకా ఎక్కువ నైట్రస్‌ని పుట్టిస్తుంది. ఒకటి పోయి ఒకటిన్నర వస్తుంది. మొదలైందంటే దానంతటదే పెరిగిపోతుంది. అదే మనిషి, ముందు గదిలో చుట్టం, వెనక గదిలో దొంగ.

దానికి మందు హైడ్రాజీన్. హైడ్రాజీన్ నైట్రస్‌ని కనపడగానే తినేస్తుంది, రేడియేషన్ కొత్తగా పుట్టించేదాన్ని కూడా తింటుంది, అందుకే ఆ దశంతా హైడ్రాజీన్ తగినంత ఉండేలా చూసుకోవాలి. కానీ ఆ రియాక్షన్‌లో హైడ్రజోయిక్ యాసిడ్ తయారవుతుంది, అది ఆవిరయ్యేది, నూనెలోకి కూడా వెళ్ళేది, గాఢంగా పోగైతే పేలేది. కాబట్టి దాన్ని మళ్ళీ లెక్కగట్టి, ఎక్కడా పోగవకుండా, చివర్లో కొద్దిగా నైట్రస్‌తోనే దాన్ని చంపెయ్యాలి, నైట్రస్, హైడ్రజోయిక్ కలిస్తే నైట్రోజన్, నైట్రస్ ఆక్సైడ్ అయిపోతాయి. అంటే ఒక చోట నైట్రస్‌ని తరిమికొట్టి ఇంకో చోట పిలిచి పీట వెయ్యాలి.

దీన్ని చూసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక ఘటన ఉంది. 1997 మే 14, హాన్‌ఫర్డ్‌లో ప్లుటోనియం రిక్లమేషన్ ఫెసిలిటీ అనే చోట ఒక ట్యాంక్. అందులో హైడ్రాక్సిలమీన్ నైట్రేట్, నైట్రిక్ యాసిడ్ కలిపిన పలచటి ద్రావణం మిగిలిపోయింది. ఇది కూడా ప్లుటోనియంని దించడానికి వాడే మందే. ప్లాంట్ పని ఆగింది, ట్యాంక్ అలా ఉండిపోయింది, ఏళ్ళ తరబడి నీళ్ళు నెమ్మదిగా ఆవిరవుతూ ద్రావణం చిక్కబడుతూ వచ్చింది. పలచగా ఉన్నంతకాలం హైడ్రాక్సిలమీన్ నైట్రస్‌ని తింటుంది. చిక్కబడి ఒక గీత దాటాక అదే హైడ్రాక్సిలమీన్ నైట్రిక్ యాసిడ్‌తో కలిసి నైట్రస్‌ని పుట్టించడం మొదలెడుతుంది, ఒక్కసారిగా గ్యాస్ లేస్తుంది, వేడి లేస్తుంది. ట్యాంక్ పేలి మూత ఎగిరి పైకప్పు దెబ్బతింది. అణు విచ్ఛిత్తి లేదు, క్రిటికాలిటీ లేదు, అంటే విచ్ఛిత్తి గొలుసుకట్టుగా సాగడం లేదు. ఉత్త కెమిస్ట్రీ. మన డిగ్రీ పుస్తకంలో ఉండే కెమిస్ట్రీ.

1957 సెప్టెంబర్ 29న సోవియట్ యూనియన్లో మాయక్ దగ్గర పేలిన వ్యర్థాల ట్యాంక్ కూడా అంతేనండి, దాన్ని కిష్తిమ్ ప్రమాదం అంటారు, చల్లబరిచే ఏర్పాటు పాడై, నీళ్ళన్నీ ఆవిరై, ఎండిపోయిన నైట్రేట్, ఎసిటేట్ ఉప్పులు వేడెక్కి పేలాయి. 1993 ఏప్రిల్‌లో రష్యాలో టామ్స్క్‌లో జరిగిన పేలుడు టీబీపీ, గాఢ నైట్రిక్ యాసిడ్ కలిసి వేడెక్కడం వల్ల. ఈ మూడు ప్రమాదాల్లోనూ నైట్రేట్ ఉంది, పక్కన ఆక్సీకరణకి సిద్ధంగా ఇంకో పదార్థం ఉంది. రేడియేషన్ అంటే భయపడే మనుషులు ఎక్కువ, ట్యాంక్‌లో నీటి మట్టం అంటే భయపడే మనుషులు తక్కువ. నన్నడిగితే రెండోదే ముందు రావాలి.

టీబీపీ గురించి త్వరగా చెప్పేస్తాను. రేడియేషన్‌కి, యాసిడ్‌కి కలిపి అది విరిగి డైబ్యూటైల్ ఫాస్ఫారిక్ యాసిడ్ అవుతుంది, అది ప్లుటోనియంని, జిర్కోనియంని గట్టిగా పట్టేసుకుని వదలదు. సోడియం కార్బొనేట్‌తో కడిగి దాన్ని తీసేసి టీబీపీని మళ్ళీ వాడతారు. మామూలు భారజల రియాక్టర్ ఇంధనానికి ఇది పెద్ద తలనొప్పి కాదు. ఫాస్ట్ రియాక్టర్, అంటే న్యూట్రాన్ల వేగం తగ్గించకుండా నడిపే రియాక్టర్, దాని ఇంధనానికి వచ్చేసరికి కథ మారుతుంది. భారజల రియాక్టర్ ఇంధనం టన్నుకి ఓ 7 వేల మెగావాట్ రోజులు కాలితే, అంటే అంత వేడి ఇస్తే, కల్పాక్కంలో 1985లో మొదలైన ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టర్ కార్బైడ్ ఇంధనం లక్ష దాటి కాలింది. ప్లుటోనియం ఎక్కువ, విచ్ఛిత్తి ముక్కలు ఎక్కువ, యాసిడ్ మీద, నూనె మీద డోస్ ఎన్నో రెట్లు. కోరల్ అనే చిన్న ప్లాంట్‌లో 2003 నుంచి ఆ ఇంధనాన్ని రీప్రాసెస్ చేశారు, అక్కడ నూనె, యాసిడ్ ఎక్కువసేపు కలిసి ఉండకూడదని సెంట్రిఫ్యూగల్ ఎక్స్‌ట్రాక్టర్లు పెట్టారు, గిరగిరా తిప్పి సెకన్లలో కలిపి విడదీసేస్తాయి. డోస్ తగ్గించలేనప్పుడు సమయం తగ్గించాలి, అంతే కిటుకు.

ఇక ల్యాబ్‌లో ఏం చేస్తామో దగ్గరగా చూపిస్తాను. 3 మోలార్ నైట్రిక్ యాసిడ్, మంచి శుద్ధమైనది, చిన్న గాజు సీసాల్లో పోసి మూత బిగించి గామా చాంబర్‌లో దించుతాం. లోపల కోబాల్ట్ 60 చుట్టూ పేర్చి ఉంటుంది. కొన్ని గంటలయ్యాక పైకి తీస్తే చూడటానికి ఏ తేడా ఉండదు, నీళ్ళలా తెల్లగా అలాగే ఉంటుంది. వెంటనే ఐస్‌లో పెట్టాలి, ఎందుకంటే బయట ఉంచితే నైట్రస్ విడిపోయి లేచిపోతుంది, మధ్యాహ్నం భోజనం చేసొచ్చి కొలుద్దాం అంటే కుదరదు, అంకె పడిపోయి ఉంటుంది. పిపెట్‌తో కొద్దిగా తీసి బాగా పలచన చేసి, సల్ఫానిలమైడ్ వేసి, కొన్ని నిమిషాలాగి, రెండో అమీన్ వేస్తే అడుగు నుంచి గులాబీ రంగు లేస్తుంది. మొదట పొగలా, తర్వాత సీసా అంతా. 540 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. పక్కనే రేడియేషన్ తగలని సీసాకి కూడా అదే చేస్తాం, దానికి రంగు రాదు. కంటికి కనపడని గామా ఆ సీసాలో పనిచేసిందని ఆ రంగు చూస్తేనే తెలుస్తుంది. కొత్తగా చేరిన పిల్లలకి లెక్కలు చెప్పేముందు ఇది చూపించేవాణ్ణి.

ఇప్పుడు ప్రశ్నలు. అడగండి, మొహమాటపడకండి.

ఆ అమ్మాయి అడిగింది మంచి ప్రశ్న, గామా తగిలిన యాసిడ్ కూడా రేడియోధార్మికం అయిపోతుందా అని. అవ్వదమ్మా. కోబాల్ట్ 60 గామా శక్తి 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, అది ఎలక్ట్రాన్లని ఊడగొడుతుంది గానీ నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాల్ని కదపలేదు. చాంబర్‌లోంచి తీసిన సీసాని మామూలు యాసిడ్‌లాగే పట్టుకోవచ్చు, గ్లౌజులు యాసిడ్ కోసం వేసుకోవాలి, అంతే. ప్లాంట్‌లో యాసిడ్ వేరు, దాంట్లో సీజియం లాంటివి కరిగి ఉన్నాయి కాబట్టి అది రేడియోధార్మికం.

వెనక నుంచి బాబాయిగారు అడుగుతున్నారు, చివరికి ఆ మిగిలిన యాసిడ్ ఎక్కడ పోస్తారు, ఏ కాలవలో కలుస్తుంది అని. మనం డెల్టా వాళ్ళం, కాలవ గురించి అడక్కుండా ఎలా ఉంటామండి. ఎక్కువ రేడియోధార్మికత ఉన్న ఆ ద్రావణం ఏ కాలవలోనూ పొయ్యరు. దాన్ని ఆవిరి చేసి చిక్కబరిచి, స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకుల్లో చల్లబరుస్తూ ఉంచి, తర్వాత గాజు పదార్థాలతో కలిపి కొలిమిలో కరిగించి బోరోసిలికేట్ గాజుగా మార్చి, స్టీల్ డబ్బాల్లో పోస్తారు. ఆ వేడికి నైట్రేట్ అంతా విడిపోయి గ్యాస్‌గా పోతుంది, ఆ గ్యాస్‌ని కడిగి, వడకట్టి వదుల్తారు. గాజులో నీళ్ళు లేవు, నైట్రేట్ లేదు, కాబట్టి నేను ఇంతసేపు చెప్పిన కెమిస్ట్రీ అక్కడితో ఆగిపోతుంది. ద్రవంగా ఉన్న రోజుల్లోనే జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎన్నాళ్ళు ద్రవంగా ఉంచుతారు అనేది మీరు ఏ ప్లాంట్ వాళ్ళనైనా అడగదగ్గ ప్రశ్న.

ఆఖరుది, ఫైనలియర్ అబ్బాయి, మా కాలేజీలో ఏం చెయ్యగలం అంటున్నాడు. గామా చాంబర్ ఉన్న యూనివర్సిటీ ఏదైనా ఒప్పుకుంటే ఫ్రికే డోసిమీటర్ చెయ్యండి, ఎంత రేడియేషన్ పడిందో కొలిచే ద్రావణం అది. 1927లో హ్యూగో ఫ్రికే మొదలెట్టింది, ఇప్పటికీ డోస్ కొలవడానికి వాడతారు. 1 మిల్లీమోలార్ ఫెర్రస్ అమోనియం సల్ఫేట్, 0.4 మోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్, గాలి కలిసి ఉండాలి. రేడియేషన్ పడితే ఫెర్రస్ ఫెర్రిక్ అవుతుంది, 304 నానోమీటర్ల దగ్గర కొలవాలి, జీ విలువ 15.5. అంత ఎందుకొచ్చిందంటే యాసిడ్‌లో ఎలక్ట్రాన్లన్నీ హైడ్రోజన్ పరమాణువులైపోతాయి, ఒక్కో హైడ్రోజన్ పరమాణువు ఆక్సిజన్‌ని పట్టుకుని మూడు ఫెర్రస్‌లని మారుస్తుంది, పెరాక్సైడ్ రెండు, ఓహెచ్ ఒకటి. హైడ్రోజన్ పరమాణువు జీ 3.65, పెరాక్సైడ్‌ది 0.8, ఓహెచ్‌ది 2.9 వేసి మీరే కూడుకుని చూడండి. నీళ్ళు మాత్రం శుద్ధంగా ఉండాలి, ఏ కొంచెం సేంద్రియ మలినం ఉన్నా అంకె పెరిగిపోతుంది, అందుకే 1 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్ కూడా వేస్తారు. మీ మాస్టారి చేత ఉత్తరం రాయించండి, పద్ధతంతా నేను రాసి పంపుతాను, మొదటిసారి సీసాలు దింపేటప్పుడు వీలైతే నేనూ వస్తాను.